పసుపు మాత్రల పొట్లం మీద చేతిరాత

పెనాంగ్,
12 జూలై 1981

మామకు, అత్తకు రత్న దండాలు.

ఇక్కడ మూడు రోజులుగా సన్నటి వాన. మా కిటికీలోంచి సముద్రం కనిపించదు గానీ, అటు దాటే పడవ కూత వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా నాగ్‌పాడా మలుపులో బస్సు వచ్చిందేమో అనిపించి లేచి నిలబడతాను. పెళ్ళయి వచ్చి రెండేళ్ళయినా నా చెవులు ఇంకా బొంబాయిలో, మన కామాటిపురలోనే ఉన్నాయి.

మీ అల్లుడు క్షేమం. వాళ్ళ తాతలు మలేషియా రబ్బరు తోటల పనికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న తెలుగు ఆయనది. నా మాట విని ఆయన నవ్వుతారు, ఆయన మాట విని నేను నవ్వుతాను. రోజులు అలా గడిచిపోతున్నాయి.

నాకు ఉద్యోగం దొరికింది మామా, టైపు పని. సరుకులు కొనుక్కునే మామూలు జనం తరఫున కొట్లాడే సంఘం ఇది. మొన్న మే నెలలో జెనీవాలో పాతిక దేశాలకు పైగా మనుషులు కూడి, మందుల సంగతులు ఒకరికొకరు తెలియజేసుకోవాలని ఒక కూటమి కట్టారట. ఎక్కడెక్కడి ఉత్తరాలో మా ఆఫీసు మీదుగా పోతుంటాయి. ఊళ్ళ పేర్లు టైపు చేస్తుంటే, కళ్ళు తెరుచుకునే కలగంటున్నట్టు ఉంటుంది.

నీతో ఒక పని పడింది. మీ దవాఖానాలో ఖాళీ అయిన మందుల డబ్బాలు, లోపల మడిచి పెట్టే కాగితాలు పారేయకుండా నాకు పంపగలవా? ఎందుకో తీరిగ్గా రాస్తాను. టపా వేళయింది.

నువ్వు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన
రత్న

*

కామాటిపుర, పదకొండో గల్లీ,
9 ఆగస్టు 1981

బిడ్డా రత్నా,

మీ అమ్మ పోయిన నాడు నిన్ను మా ఒంటిగది ఖోలీకి తెచ్చుకున్నప్పుడు నీకు నాలుగేళ్ళు. నువ్వు సముద్రం అవతల ఉద్యోగం చేస్తున్నావని చాల్‌లో గదిగదికీ చెప్పి వచ్చింది మీ అత్త. పై అంతస్తు వజ్రమ్మ నాలుగు పేడాలు తెచ్చి మా ఇద్దరి నోళ్ళు తీపి చేసింది.

నీ మనసులో మాట నాకు అర్థమైందిలే. అల్లుడూ నువ్వూ కలిసి మందుల దుకాణం పెడుతున్నారు, ఏ మందులు నడుస్తాయో ముందుగా చూసుకుంటున్నారు. అంతేనా? మంచి ఆలోచన. ముప్పై ఎనిమిది రకాల కాగితాలు వేరే పార్సెల్‌లో పంపాను. పొరపాటున నేను మందులు కట్టి ఇచ్చే పొట్లం ఒకటి అందులో కలిసిపోయినట్టుంది. పారేయి.

ఇరవై ఆరేళ్ళుగా శంకర్రావు డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్నాను. చెడ్డ పేరు మోసే ఈ గల్లీల ఆడవాళ్ళు వేరే దవాఖానాకు పోతే గుమ్మంలోనే నిలబెడతారు. మా డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెడతాడు. ఆయన నాడి చూస్తాడు, నేను పొట్లం కట్టి దాని మీద తెలుగులోనో మరాఠీలోనో హిందీలోనో రాసిస్తాను. చదువు రాని వాళ్ళు కూడా నా రాత చూసి, 'ముత్యాలు పేర్చినవ్ కాంపౌండర్' అంటారు.

మీ అత్తకు కడుపు బలహీనం, నీకు తెలిసిందే. బొంబాయి నీళ్ళు ఆమెకు మొదటి నుంచీ పడలేదు. విరేచనాలకని కంపెనీ మనిషి ఉచితంగా ఇచ్చిపోయే పసుపు మాత్రలు ఉన్నాయి కదా, అవే రోజూ ఇస్తున్నాను. ఇప్పుడు కడుపు నిమ్మళమే. కానీ ఒక వింత మాట చెబుతోంది. 'నేను నడుస్తలేనయ్యా, నేలనే నా కింద నడుస్తాంది. దూది పరిచినట్టున్నది' అంటుంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే కాళ్ళు మొద్దుబారవా మరి? అదే చెప్పాను. ఆమెకు మాత్రం అది ఇష్టంగానే ఉన్నట్టుంది. మబ్బు మీద పోతున్నానంటూ గల్లీ చివరిదాకా నడిచి వస్తుంది.

దుకాణానికి మీ అత్త పేరు పెట్టమని ఆమె కోరిక. నేను చెప్పానని అనకు.

నీ మామ
రాజలింగం

*

పెనాంగ్,
20 సెప్టెంబరు 1981

మామా,

దుకాణమా! మీ అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వారు. అత్తను నిరాశపడొద్దని చెప్పు.

అసలు సంగతి ఇది. మా ఆఫీసులో ఒక పొడవాటి బల్ల ఉంది. బ్రెజిల్ నుంచి, కెన్యా నుంచి, జర్మనీ నుంచి, ఇప్పుడు నీ దగ్గర నుంచి వచ్చిన కాగితాలన్నీ దాని మీద పరుస్తాం. పంకా తిరిగితే అవి ఎగరబోయే సీతాకోకల్లా వణుకుతాయి. ఒకే కంపెనీ, ఒకే మాత్ర. ఒక దేశంలో కాగితం నిండా జాగ్రత్తలు, మన దేశంలో ఒక్క వాక్యం. కొన్ని మాత్రలు కొన్ని దేశాల్లో అమ్మనే అమ్మరు. ఏ దేశానికి ఆ దేశం విడిగా చూస్తే ఏమీ తెలియదు. పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. మా పని అదే.

నువ్వు పారేయమన్న పొట్లాన్నే అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు. 'పసుపు మాత్ర. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నం తిన్నాక' అని నీ గుండ్రటి అక్షరాలు. తెలుగు రాని వాళ్ళు కూడా వేలితో తడిమారు. దాన్ని ఫోటో తీసి ఒక పోస్టరులో వేస్తామన్నారు. నువ్వు సంతోషిస్తావని నేనే సరేనన్నాను. నీ అక్షరాలు దేశదేశాల గోడల మీద ఉంటాయి మామా!

అత్త కాళ్ళకు గోరువెచ్చని కొబ్బరినూనె రాయి. ఎక్కువసేపు కూర్చోనివ్వకు.

మీ రత్న

*

కామాటిపుర,
4 ఫిబ్రవరి 1982

రత్నకు,

ఆలస్యంగా రాస్తున్నాను. వర్లిలో, పరేల్‌లో మిల్లులన్నీ సమ్మెలో ఉన్నాయి. గొట్టాల మీద పొగ లేదు. ఇంత వెడల్పు ఆకాశం ఈ ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు. చూస్తుంటే భయం వేస్తోంది.

నీ పోస్టరు చూశాను. మీ కూటమితో కలిసిన కుర్ర డాక్టర్లు కొందరు దాదర్‌లో సభ పెట్టి మా డాక్టరును కూడా పిలిచారు. ఆయన ఒక పోస్టరు మడిచి తెచ్చి నా బల్ల మీద పరిచాడు.

"రాజలింగం, గీ అక్షరాలు నీయేనా?"

నావే. నిలువెత్తు చేసి వేశారు. పైన ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. 'వాళ్ళకు ప్రమాదమైంది మనకు మందా?' అని అర్థమట. ఆ మాటల కింద నా అక్షరాలు దొంగసొత్తులా పట్టుబడి ఉన్నాయి.

డాక్టరు కోపపడలేదు. కోపపడితే బాగుండేది. "నేను మందు ఇచ్చిన, నువ్వు రాసినవ్. దునియా మొత్తం మనిద్దరినే సూస్తాంది" అన్నాడు. కంపెనీ మనిషిని అడిగితే, మన జనానికి ఈ మాత్రతో ఏమీ కాదన్నాడట. అయినా డాక్టరు మర్నాడు వచ్చి, "ఇగ పొట్లాల మీద రాయకు. నోటితోని చెప్పు, చాలు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి కలం జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చాను.

నువ్వు గొప్పగా చెప్పావు, దేశదేశాల గోడల మీద అని. నన్ను ఒక్క మాట అడిగి ఉండవలసింది.

మీ అత్త కళ్ళు కూడా మసకబారాయి. బీడీకి దారం చుట్టడం తడబడుతోంది. వయసుకు వచ్చే చత్వారమే అయి ఉంటుంది. అద్దాలు చేయించాలి. మొన్న మెట్ల మీద కాలు ఎక్కడ పెట్టిందో తెలియక జారింది. పెద్ద దెబ్బేమీ కాదు.

రాజలింగం

*

పెనాంగ్,
17 ఫిబ్రవరి 1982

మామా, మామా,

నన్ను ఎంత తిట్టినా తిట్టు, కానీ ముందు ఇది చదువు. ఈ పొద్దున తంతి కూడా ఇచ్చాను. ఈ ఉత్తరం చేరేసరికి అది నీకు అంది ఉంటుంది.

జపాన్‌లో ఆ పసుపు మాత్ర మింగి జబ్బుపడిన వాళ్ళు కోర్టులో చెప్పిన మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి మాకు పంపారు. నిన్న మధ్యాహ్నం వాటిని టైపు చేస్తున్నాను. ఒకామె అంటుంది, 'మొదట పాదాల కింద మెత్తటి మంచు పరిచినట్టు ఉండేది.' ఇంకొకరు, 'దూది మీద నడిచినట్టు' అన్నారు. తర్వాత ఆ తిమ్మిరి మోకాళ్ళు దాటిందట. తర్వాత కళ్ళు. నా వేళ్ళు టైపు కొడుతూనే ఉన్నాయి. ఈ మాట ఎక్కడ విన్నానా అని మనసు మెల్లగా, నీళ్ళ అడుగున తిరిగినట్టు వెతుకుతోంది. నీ ఉత్తరం గుర్తొచ్చి మిషను మీదే తల పెట్టేశాను.

జపాన్‌లో దాన్ని పదేళ్ళ కిందటే ఆపేశారు. అత్తకు ఇక ఒక్క మాత్ర కూడా ఇవ్వకు. ఈ రోజే, ఈ నిమిషమే ఆపు. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు, కళ్ళ డాక్టరుకు చూపించు. ఏ మాత్రో, ఎన్నేళ్ళుగా వాడిందో దాచకుండా చెప్పు.

పోస్టరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీ కాళ్ళు పట్టుకుంటాను.

రత్న

*

కామాటిపుర,
12 మార్చి 1982

రత్నా,

నీ తంతి ఫిబ్రవరి పద్దెనిమిదిన వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. 'ఆంట్ లెగ్స్ యెల్లో టాబ్లెట్ స్టాప్ లెటర్ ఫాలోస్.' నాకు మందుల పేర్లు చదవడం వచ్చు గానీ, తంతి భాష రాదు. మన కిష్టయ్య తారాఫీసులో పని చేస్తాడు కదా, అతనితో చదివించాను.

"అత్త కాళ్ళకు పసుపు గోలీ. ఉత్తరం వస్తది" అన్నాడు.

"నడుమ స్టాప్ అని ఉన్నది గదా?"

"అది చుక్క కాకా. తంతిల చుక్క పెట్టరు, స్టాప్ అని రాస్తరు. మాట అయిపోయిందన్నట్టు."

నువ్వు పెద్ద పెద్ద డాక్టర్ల మధ్య పని చేసేదానివి. డబ్బు పోసి తంతి కొట్టావంటే కాళ్ళకు కూడా అదే మందు అయి ఉంటుంది అనుకున్నాను. అప్పటిదాకా రోజుకు ఒకటి. ఆ సాయంత్రం నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మీ అత్త వద్దంది. 'నోరంత చేదైతాంది' అంది. 'రత్న తంతి ఇచ్చింది, మింగు' అన్నాను. నీ పేరు చెప్పగానే నోరు తెరిచింది.

మార్చి ఆరున నీ ఉత్తరం వచ్చింది. పదహారు రోజులు.

ఇంతకంటే రాయలేను. ఆసుపత్రిలో చూపించాను. నరాలు దెబ్బతిన్నాయన్నారు. ఆపేశారు కాబట్టి ఇకపై పెరగకపోవచ్చు, పోయినదంతా తిరిగి రావడం కష్టం అన్నారు.

శంకర్రావు డాక్టరుకు నీ ఉత్తరం ఇచ్చాను. చదివి చాలాసేపు రోగిని కూర్చోబెట్టే కుర్చీలో కూర్చున్నాడు. "కంపెనీ మనిషి ఏది చెప్తే అదే నమ్మిన. నా బిడ్డకు గూడ ఇచ్చిన, రాజలింగం" అన్నాడు. లేచి బీరువాలోని పసుపు డబ్బాలన్నీ సింకులో గుమ్మరించాడు. నీళ్ళు పసుపుగా పోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

మామ

*

పెనాంగ్,
25 మార్చి 1982

మామా,

ఒక మాట ముందో ఒక మాట వెనకో పెట్టి ఉంటే సరిపోయేది. కళ్ళు మూసుకుంటే ఆ తంతి కాగితమే కనిపిస్తోంది. అందులోని స్టాప్ అనే మాట పెద్దదవుతూ పెద్దదవుతూ మన గల్లీకి అడ్డంగా గోడలా నిలబడుతుంది. అవతల అత్త గొంతు వినిపిస్తుంది.

నువ్వు ఒక్కడివే తప్పు చేయలేదు. ఆగస్టులోనే దూది మాట నువ్వు రాశావు. అప్పటికే ఈ మాత్ర కాగితం నా బల్ల మీద ఉంది. నేను కొబ్బరినూనె రాయమన్నాను.

పోస్టరు కొత్త అచ్చులో నీ అక్షరాల మీద నల్లరంగు వేయించాను. ఇక ఎవరికీ కనిపించవు. అత్త కథ రాసి ఇప్పించమని ఆఫీసులో అడిగారు. నిన్ను అడగనని చెప్పేశాను.

అత్త పక్కన నేను కూర్చున్నాననుకో. నువ్వు తిన్నావా లేదా అని కూడా నేనే అడుగుతున్నాననుకో.

రత్న

*

కామాటిపుర,
20 సెప్టెంబరు 1982

బిడ్డా,

ఆరు నెలలు నీకు రాయలేదు. నల్లరంగు వేయించానన్నావు. నా రాత చూస్తే నీకు సిగ్గేసిందని, ఈ మామను చెరిపేశావని అనుకున్నాను. ఆ మాట మీ అత్తతో అన్నాను. ఆమె చాలా కోపం చేసింది. "పిల్ల నిన్ను దాచిపెట్టింది, చెరిపేయలే. దాచుడుకు చెరుపుడుకు ఫరక్ తెల్వదా?" అంది. నిజంగానే తెలియలేదు.

మీ అత్తకు ఇప్పుడు పాదాల మీద వేడి, చల్లదనం తెలుస్తున్నాయి. గోడ పట్టుకుని కుళాయి దాకా వెళుతుంది. కళ్ళు మాత్రం అంతే. పొద్దున వెలుతురులో మనుషులు నీళ్ళలో నిలబడి కదులుతున్నట్టు ఉంటారట. మొన్న మధ్యాహ్నం నిద్రలేచి, కలలో బీడీలకు గబగబా దారం చుట్టానని, వేళ్ళు ఇంకా కదులుతున్నాయని చూపించింది. నిజంగానే కదులుతున్నాయి.

దాదర్ కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో మేధ అనే అమ్మాయి మీ అత్త పక్కన నేల మీద కూర్చుని రెండు గంటలు విన్నది. ఏ మందు కాగితంలో ఏముందో జనానికి తెలియాలంటే జనం భాషలో ఉండాలి కదా, మీరు రాస్తారా అని అడిగింది. శంకర్రావు డాక్టరును అడిగాను. "రాయి. ఈసారి అంతా దాచకుండ ఖుల్లగ రాయి" అన్నాడు. ఆదివారాలు దాదర్‌లో తెలుగు సంఘం గదిలో కూర్చుని రాస్తున్నాను. ధారావి నుంచి మేస్త్రీ పనివాళ్ళు వస్తారు, వాళ్ళకు చదివి వినిపిస్తాను.

ఈ ఉత్తరంతో రెండు పేజీలు వేరుగా పెట్టాను. మీ అత్తకు జరిగినదంతా రాశాను. తంతి సంగతి కూడా. మీ కూటమి వాళ్ళకు ఇవ్వు. మాత్ర చేసింది ఎవరో వాళ్ళకు తెలుసు. చేతికి ఇచ్చింది ఎవరో కూడా తెలియాలి. పేరు దాచవద్దు. నల్లరంగు తీసేయమని చెప్పు.

మామ రాజలింగం

*

పెనాంగ్,
10 జనవరి 1984

మామకు, అత్తకు దండాలు.

నీ రెండు పేజీలు ఇప్పటికి ఆరు భాషల్లోకి వెళ్ళాయి. జపాన్‌లో వాటిని చదివిన హిసాకో అనే ఆమె వచ్చే నెల బొంబాయిలో జరిగే సభకు వస్తోంది. అత్తను చూడాలని అడిగింది. ఈ జబ్బు సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మేధ వెంట తీసుకువస్తుంది. ఎక్కువ హడావుడి చేయకండి, టీ ఇస్తే చాలు.

నేనూ వస్తే బాగుండునని ఉంది. ఇప్పుడు ఐదో నెల, ప్రయాణం వద్దంటున్నారు. ఈ కబురు ముందే రాయవలసింది, భయపడి రాయలేదు. ఒక్క మాత్ర మింగాలన్నా నాలుగు కాగితాలు చదువుతున్నాను.

మీ రత్న

*

కామాటిపుర,
26 ఫిబ్రవరి 1984

తల్లీ,

మీ అత్త నీ ఐదో నెల కబురు చాల్ మొత్తానికి నేను చదివి ముగించకముందే చెప్పేసింది.

నిన్న హిసాకో వచ్చింది. నువ్వు రాసిన తీరు చూసి, వచ్చేది జపాన్ నుంచి పెద్ద డాక్టరమ్మ, ఏదో మందు తెస్తుంది అనుకున్నాం. మీ అత్త పొద్దున్నే కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కుంది. డాక్టరు పట్టుకుని చూస్తుంది కదా అని. పెళ్ళినాటి చీర కట్టింది. తలుపు పక్కన వెలుతురులో కూర్చుంది.

మెట్ల మీద చప్పుడు వినిపించింది. ఒక అడుగు, ఆగడం, మళ్ళీ ఒక అడుగు. మా అంతస్తుకు రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె చేతుల్లో మందుల సంచీ లేదు. రెండు చేతుల్లో రెండు కర్రలు ఉన్నాయి.

"డాక్టరమ్మ ఏది?" అని మీ అత్త నన్ను అడిగింది.

"డాక్టర్ కాదు. నీ లెక్కనే" అన్నాను.

మీ అత్త ముందుకు చాపుకున్న కాళ్ళను చీర కిందికి ముడుచుకుంది. ఇన్నాళ్ళూ లోలోపల ఏమి ఆశ పెట్టుకుందో అప్పుడు తెలిసింది నాకు. తర్వాత తను కూర్చున్న చాప సగం ఖాళీ చేసి చేత్తో తట్టింది.

హిసాకో కూర్చుని మేజోళ్ళు విప్పింది. తన పాదం మీ అత్త పాదం పక్కన చాపింది. మీ అత్త తడిమి చూసి, అరికాలి మీద గోటితో గీసింది. ఆమె తెలియడం లేదన్నట్టు తల ఊపింది. ఆమె గీస్తే మీ అత్త "లేదు" అంది. అలా వంతులవారీగా మడమ నుంచి పైకి వచ్చారు. బొటనవేలి మొదట్లో మీ అత్త "ఆఁ, ఈడ!" అని అరిచింది. హిసాకో కూడా తన కాలి మీద అదే చోటు చూపించింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు, చిన్నపిల్లలు ఆటలో గెలిచినట్టు. గుమ్మంలో గుమిగూడిన వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఆ కాసేపు మా ఖోలీ ఏ దేశంలోనూ లేనట్టు అనిపించింది.

తర్వాత హిసాకో ఏదో అడిగింది. మేధ నా వైపు చూసి, హిందీలో చెప్పింది. మీకు ఆ మాత్ర ఎవరు ఇచ్చారు అని అడుగుతోంది.

నేను టీ వంకతో పొయ్యి వైపు తిరిగాను.

"మా ఇంటాయన" అంది మీ అత్త. "కడుపునొప్పితోని నేను మెలి తిరుగుతుంటే సూడలేక ఇచ్చిండు. గంతే. ఆమెకు ఎవరిచ్చిండ్రో అడుగు."

మేధ అడిగింది. హిసాకో తన పాదం మీదే చెయ్యి ఉంచుకుని మెల్లగా చెప్పింది. ఆమెకు వాళ్ళ అమ్మ ఇచ్చిందట. జబ్బు దేనివల్ల వచ్చిందో అమ్మ పోయేదాకా తను ఆమెకు చెప్పలేదట. చెప్పకుండా తొమ్మిదేళ్ళు ఆ అమ్మ చేతి అన్నమే తిన్నదట.

నేను టీ గ్లాసులు తెచ్చి ముందు పెట్టాను. హిసాకో పాదం మీది చెయ్యి తీసి నా వైపు తిరిగి, వాళ్ళ పద్ధతిలో తల బాగా కిందికి వంచింది. నేనూ నేల మీద కూర్చుని అలాగే తల వంచాను. ఎవరు ముందు ఎత్తాలో ఇద్దరికీ తెలియలేదు.

"సాలు తియ్యిండ్రి" అంది మీ అత్త. "చాయ్ సల్లారుతాంది."

నీ మామ